వరద కాలువ పక్కన సైకిల్ దారి ఎందుకు?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక నది పొంగినప్పుడల్లా ఊళ్ళు మునుగుతున్నాయి. ప్రభుత్వం ఇంజనీర్లను పిలిచి ఏదో ఒకటి చెయ్యమంది. వాళ్ళు గీసుకొచ్చిన ప్లాన్‌లో కొత్త పాయ ఉంది, కరకట్ట ఉంది, రెగ్యులేటర్లు ఉన్నాయి. వాటి పక్కనే ఆకుపచ్చ గీతలతో సైకిల్ దారులు కూడా ఉన్నాయి. వరదకీ సైకిల్‌కీ ఏంటి సంబంధం?

ఇంగ్లండ్‌లో థేమ్స్ నది మీద తలపెట్టిన వరద పథకం గురించి చదువుతుంటే నాకు ఈ అనుమానం వచ్చింది. అక్కడ కొత్తగా తవ్వబోయే పాయల వెంట నడక దారులు, సైకిల్ దారులు పథకంలో భాగంగానే పెట్టారు. భూములు పోయేవాళ్ళనీ, పన్నులు కట్టేవాళ్ళనీ ఒప్పించడానికి చేతిలో పెట్టిన చాక్లెట్ అనుకున్నా మొదట. తర్వాత నెదర్లాండ్స్‌లో నైమేగన్ అనే ఊరి కథ చదివాను. అక్కడ ఇలాంటి పథకం పూర్తయి చాలా ఏళ్ళయింది. ఆ కథ చదివాక సగం అభిప్రాయం మారింది. మిగతా సగం మారలేదు. రెండూ చెప్తాను.

ముందు కాస్త లెక్క

సివిల్ వాళ్ళు నవ్వుకోకండి, మిగతా బ్రాంచీల కోసం చెప్తున్నా. నదిలో ఒక సెకనుకి ఎంత నీరు వెళ్తుందో తెలియాలంటే వెడల్పు, లోతు, వేగం మూడింటినీ గుణిస్తే చాలు. 100 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు ఉన్న పాయలో నీరు సెకనుకి 2 మీటర్ల వేగంతో పోతుంటే 1,000 ఘనపు మీటర్లు అవుతుంది. మన పేపర్లలో వచ్చే లెక్క క్యూసెక్కులు, అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు అని. ఒక ఘనపు మీటరు అంటే 35.3 ఘనపుటడుగులు. కాబట్టి మన పాయలో వెళ్ళేది సుమారు 35,300 క్యూసెక్కులు.

ఇప్పుడు వరద వచ్చి నీరు రెట్టింపు అయిందనుకోండి. గుణకారంలో ఒక వైపు రెట్టింపు అయితే రెండో వైపు కూడా ఏదో ఒకటి పెరగాలి. లోతు పెరగనివ్వొచ్చు, అంటే గట్లు ఎత్తు చెయ్యాలి. వేగం పెంచొచ్చు, అంటే అడ్డంకులు తీసెయ్యాలి. వెడల్పు పెంచొచ్చు, అంటే నదికి కొత్తగా చోటివ్వాలి. ఇవేవీ వద్దనుకుంటే పైనే జలాశయం కట్టి నీళ్ళని కొన్నాళ్ళు ఆపాలి. ప్రపంచంలో ఏ వరద పథకం తీసుకున్నా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి, లేదంటే వీటి కలగలుపు.

స్కేలు తెలియడానికి ఒక పోలిక. జర్మనీ నుంచి రైన్ నది నెదర్లాండ్స్‌లోకి అడుగుపెట్టే చోటు లోబిత్. అక్కడ సెకనుకి 16,000 ఘనపు మీటర్లు వచ్చినా తట్టుకోవాలన్నది డచ్ వాళ్ళు ఈ పథకానికి పెట్టుకున్న లక్ష్యం. మన లెక్కలో 5.65 లక్షల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్ళింది 11.43 లక్షల క్యూసెక్కులు! అంటే వాళ్ళు భయపడి వేల కోట్లు ఖర్చుపెట్టిన వరదకి రెట్టింపు నీరు మన కళ్ళముందే దాటిపోయింది. కాబట్టి ‘అక్కడి నదులు చిన్నవి, మనకి పనికిరావు’ అనే మాట సగమే నిజం. నీళ్ళు తక్కువే కానీ, ఆ నీళ్ళ పక్కన ఉన్న నేల చాలాచోట్ల నదిలో నీటి మట్టం కన్నా కిందే ఉంటుంది. కట్ట తెగితే ఊరు గిన్నెలా నిండిపోతుంది.

గట్టు పెంచుతూ పోతే ఏమవుతుంది?

వందల ఏళ్ళుగా డచ్ వాళ్ళు చేసింది మొదటి పనే. వరద వస్తే గట్టు ఎత్తు పెంచడం, ఇంకో వరద వస్తే ఇంకొంచెం పెంచడం. దీంతో ఒక చిక్కుంది. వరద వచ్చిన ప్రతిసారీ గట్ల మధ్య ఒండ్రు మట్టి పేరుకుని నది వైపు నేల పైకి లేస్తుంది. గట్టు ఇవతల, నీళ్ళు తోడేసి ఆరబెట్టిన నేల మెల్లమెల్లగా కుంగుతుంది. అంటే గట్టు పెంచినకొద్దీ తేడా కూడా పెరుగుతుంది. గట్టు ఎంత ఎత్తుగా ఉంటే, తెగిన రోజు దెబ్బ అంత పెద్దది.

1993 డిసెంబరులో ఒకసారి, 1995 మొదట్లో ఇంకోసారి అక్కడి నదులు బాగా పొంగాయి. 1995లో లోబిత్ దగ్గర ప్రవాహం సెకనుకి 12,000 ఘనపు మీటర్ల దాకా వెళ్ళింది. పెద్ద నదుల కట్టలు తెగలేదు. కానీ తెగుతాయేమోనన్న భయంతో సుమారు రెండున్నర లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. వాళ్ళతో పాటు పశువుల్ని కూడా తరలించారు. నీళ్ళు ఇళ్ళలోకి రాకపోయినా, ఆ వారం ఆ దేశాన్ని బాగా కదిలించింది.

వెంటనే చేసింది కట్టల్ని బలపరచడమే. ఆ తర్వాత మాత్రం ఆలోచన మార్చారు. ‘నదికి చోటు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక జాతీయ కార్యక్రమం పెట్టారు. 30కి పైగా చోట్ల పనులు, సుమారు 230 కోట్ల యూరోల ఖర్చు. కొన్నిచోట్ల గట్టు వెనక్కి జరిపారు, కొన్నిచోట్ల నది పక్క నేలను తవ్వి పల్లం చేశారు, కొన్నిచోట్ల పక్క పాయలు తవ్వారు. మన గుణకారంలో చెప్పాలంటే లోతు వదిలేసి వెడల్పు పట్టుకున్నారు.

నైమేగన్ దగ్గర జరిగింది

లోబిత్ దాటాక రైన్ రెండుగా చీలుతుంది. మూడింట రెండు వంతుల నీరు పట్టుకెళ్ళే పాయ పేరు వాల్. ఆ వాల్ ఒడ్డునే నైమేగన్ ఉంది. దక్షిణం ఒడ్డున పాత ఊరు, ఉత్తరం ఒడ్డున లెంట్ అనే చిన్న ఊరు. సరిగ్గా ఈ రెండింటి మధ్యే నది ఒక వంపు తిరిగి సన్నబడుతుంది. సీసా మెడలాగ అన్నమాట. వరద రోజున ఆ మెడ దగ్గర నీళ్ళు ఆగి, ఎగువన మట్టం పెరిగిపోతుంది.

పరిష్కారం కాగితం మీద చాలా తేలిక. లెంట్ వైపు కట్టని 350 మీటర్లు వెనక్కి జరిపి, ఆ ఖాళీలో మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, 150 నుంచి 200 మీటర్ల వెడల్పు ఉన్న పక్క పాయ తవ్వాలి. పాత నదికీ కొత్త పాయకీ మధ్య మిగిలిన నేల ఒక లంక అవుతుంది. గోదావరి జిల్లాల వాళ్ళకి లంక అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. తేడా ఏంటంటే అక్కడ లంకని మనుషులు ప్లాన్ గీసి తయారుచేశారు.

కొత్త పాయ పేరు స్పీగెల్‌వాల్. అద్దం వాల్ అని అర్థం. అది పనిచేసే తీరు నాకు బాగా నచ్చింది. పాయ ఎగువ మొదట్లో ఒక అడ్డుగట్టు ఉంటుంది. మన చెరువుకి అలుగు ఉంటుంది కదా, అలాంటిదే. మామూలు రోజుల్లో వాల్ నీరు ఆ గట్టు దాటదు. దిగువ వైపు పాయ నదిలో కలిసే ఉంటుంది కాబట్టి అందులో నీళ్ళు నిలిచి, చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. వరద వచ్చి మట్టం పెరిగితే నీరు అలుగు దూకి పాయలో పరుగెడుతుంది. మోటారు లేదు, సెన్సార్ లేదు, ఎవరూ స్విచ్ వెయ్యక్కర్లేదు. కోడ్‌లో మనం రాసే ఒక ‘ఇఫ్’ కండిషన్‌ని రాళ్ళతో, మట్టితో రాసినట్టు. ఈ మొత్తం పని వల్ల వరద శిఖరం మీద ఉన్నప్పుడు నీటిమట్టం సుమారు 35 సెంటీమీటర్లు తగ్గుతుంది. మూరెడు కూడా లేదే అనిపిస్తుంది కానీ, కట్ట మీదుగా నీరు పొర్లడానికీ పొర్లకపోవడానికీ మధ్య తేడా చాలాసార్లు అంతే ఉంటుంది.

ఇక కాగితం మీద కనిపించని సంగతి. ఆ 350 మీటర్లలో మనుషులున్నారు. సుమారు 50 ఇళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది. కట్టని నమ్ముకుని కట్ట ఇవతల ఇల్లు కట్టుకున్నవాళ్ళు వాళ్ళు. ఇల్లు ఉన్నచోటే ఉంది, కట్టే వాళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. లెంట్ వాళ్ళు గట్టిగానే వ్యతిరేకించారు, వేరే మార్గాలు చూడమన్నారు. కానీ ఇంకో ఒత్తిడి కూడా ఉంది. నైమేగన్ ఊరు అప్పటికే నది దాటి ఉత్తరం వైపు పెరుగుతోంది, లెంట్ చుట్టూ వేల ఇళ్ళకి ప్లాన్ వేశారు. ఇప్పుడు 50 ఇళ్ళు. ఇంకో పదిహేనేళ్ళు ఆగితే అదే స్థలంలో ఎన్ని ఉంటాయో! అందుకే అప్పుడే తేల్చాల్సి వచ్చింది. 2012 తర్వాత తవ్వకాలు జోరందుకుని 2016 కల్లా పని పూర్తయింది.

సైకిల్ దారి ఇక్కడ చేసే పని

ఇప్పుడు మన అసలు ప్రశ్న. ఇంత ఖర్చుపెట్టి, ఇళ్ళు కూల్చి తవ్విన పాయ వరద పనికి నిజంగా అక్కరకొచ్చేది ఎన్ని రోజులు? ఏడాదికి కొద్ది రోజులు. పెద్ద వరదకైతే కొన్ని దశాబ్దాలకి ఒకసారి. మిగిలిన రోజుల్లో అక్కడ ఏం జరగాలి? ఈ ప్రశ్నని డచ్ వాళ్ళు డిజైన్ మొదట్లోనే వేసుకున్నారు. ఈ వ్యాసంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే అది ఇదే.

కొత్త కట్ట మీద, లంక మీద, వంతెనల మీద నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ దారులు వేశారు. అవి ఊరి పాత సైకిల్ దారులతో కలుస్తాయి. నైమేగన్‌లో రైలు వంతెనకి ఆనించి 2004లోనే ఒక సైకిల్ వంతెన కట్టారు, పేరు స్నెల్‌బిండర్. సైకిల్ క్యారియర్ మీద బ్యాగు కదలకుండా పెట్టే రబ్బరు పట్టీని డచ్ భాషలో అలా అంటారట. రైలు వంతెనకి సైకిల్ దారిని పట్టీతో కట్టినట్టుందని ఆ పేరు. 2013లో ది ఓవర్‌స్టేక్ అనే ఇంకో పెద్ద వంతెన వచ్చింది, దాని మీదా సైకిల్ దారి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 సెప్టెంబరు 20న అదే చోట పడవల్లో నది దాటుతూ చనిపోయిన 48 మంది అమెరికన్ సైనికుల గుర్తుగా, రోజూ సాయంత్రం ఆ వంతెన మీద 48 జతల దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఉత్తరాన ఆర్నెమ్ నుంచి నైమేగన్ దాకా సుమారు 16 కిలోమీటర్ల వేగపు సైకిల్ దారి కూడా 2015లో తెరిచారు. 2016లో నెదర్లాండ్స్‌లో ఉత్తమ సైకిల్ నగరం బిరుదు నైమేగన్‌కే వచ్చింది. అంటే ఈ దారులు బొమ్మల కోసం వేసినవి కావు. కాలేజీలకీ ఆఫీసులకీ వెళ్ళేవాళ్ళు రోజూ వాడే దారులు.

సరే, వరద పథకానికి వీటివల్ల లాభమేంటి?

మొదటిది, కట్టకి ఎలాగూ ఒక దారి కావాలి. కట్ట మీద ఎక్కడైనా పగులు వచ్చిందా, ఎలుకలూ కుందేళ్ళూ బొరియలు చేశాయా అని ఎవరో ఒకరు వెళ్ళి చూస్తుండాలి. వరద రాత్రి ఇసుక బస్తాల బండి వెళ్ళాలి. ఆ దారినే మిగతా రోజుల్లో సైకిళ్ళకి ఇస్తే అదనపు ఖర్చు తక్కువ. రోజూ వందల మంది వెళ్ళే కట్ట మీద పగులు వస్తే ఎవరో ఒకరి కంట పడుతుంది కూడా.

రెండోది, మునిగినా పెద్దగా నష్టపోని కట్టడాల్లో సైకిల్ దారి ఒకటి. ఇల్లు మునిగితే బతుకు తలకిందులవుతుంది. షాపు మునిగితే సరుకు పోతుంది. సైకిల్ దారి మునిగితే నాలుగు రోజులు మూసేసి, నీళ్ళు తగ్గాక బురద కడిగి మళ్ళీ తెరుస్తారు. లంకకి వెళ్ళే నడక వంతెన ఒకటుంది, జాలిగెబ్రూగ్ అని. దాన్ని కావాలనే మునిగేలా కట్టారు. నీరు పెరిగే కొద్దీ వంతెన చివర్లు నీళ్ళలోకి వెళ్ళిపోతాయి, అప్పుడు పక్కన వేసిన రాళ్ళ మీద అడుగులేసుకుంటూ దాటాలి. ఇంకా పెరిగితే దారి మూసుకుపోతుంది. 2018 జనవరిలో వాల్ పొంగినప్పుడు దాన్ని చూడటానికే జనం వచ్చారు. నది ఎంత పెరిగిందో అంకెల్లో కాక కాళ్ళతో తెలుసుకునే వంతెన అది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. ఖాళీ స్థలం ఖాళీగా ఉండదు. పదేళ్ళు వరద రాకపోతే పాయ పక్కన ముందు ఒక పాక వస్తుంది, తర్వాత ఒక షెడ్డు, ఆ తర్వాత లేఅవుట్. ‘ఇక్కడ ఎప్పుడూ నీళ్ళు రాలేదండీ’ అనే మాట మనం అందరం విన్నదే. ఆ స్థలంలో రోజూ పిల్లలు సైకిల్ తొక్కుతుంటే, సాయంత్రం జనం నడుస్తుంటే అది ఎవరిదో తెలియని బీడు కాదు, ఊరిది. ఒక మూల ఆక్రమిస్తే ‘మా దారి ఏమైంది?’ అని అడిగేవాళ్ళుంటారు. వరదనీటి కోసం ఖాళీగా ఉంచాల్సిన నేలకి సైకిల్ దారి ఒక కాపలా.

మా సీఎస్ఈ వాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే రన్ అయ్యే కోడ్‌లోనే బగ్గులు దాక్కుంటాయి. బ్యాకప్ తీసి పెట్టుకుంటాం, రెండేళ్ళ తర్వాత అవసరం వచ్చి తెరిస్తే ఫైల్ తెరుచుకోదు. రోజూ వాడేది పాడైతే రోజే తెలుస్తుంది. వరద పాయ పెద్ద బ్యాకప్ లాంటిది. దాన్ని జనం రోజూ ఏదో ఒక రకంగా వాడుతూ ఉండాలి.

థేమ్స్ దగ్గర: దిగువ ఊళ్ళ మాట

ఇప్పుడు నా అభిప్రాయం మారని సగం. దానికి మళ్ళీ థేమ్స్ దగ్గరికి వెళ్ళాలి.

లండన్‌కి పడమర థేమ్స్ ఒడ్డున మెయిడెన్‌హెడ్, విండ్సర్, ఈటన్ అనే ఊళ్ళున్నాయి. వాటిని కాపాడటానికి 11.6 కిలోమీటర్ల పొడవున ఒక కృత్రిమ నది తవ్వారు. 2002లో పూర్తయింది. అది రాణి ఎలిజబెత్ సింహాసనం ఎక్కి 50 ఏళ్ళయిన సంవత్సరం కాబట్టి జూబిలీ రివర్ అని పేరు పెట్టారు. చూస్తే తవ్విన కాలువలా ఉండదు, వంపులు తిరుగుతూ, రెల్లుపొదలతో సహజమైన నదిలాగే ఉంటుంది. దాని ఒడ్డున సైకిల్ దారి ఉంది, ఇంగ్లండ్ జాతీయ సైకిల్ మార్గాల్లో 61వ నంబరు మార్గం అటునుంచే వెళ్తుంది. సెలవు రోజుల్లో పిల్లాపాపలతో వెళ్ళే చోటు.

2003 జనవరిలో దానికి మొదటి పెద్ద పరీక్ష వచ్చింది. వరద వచ్చింది, పాయ నీళ్ళు మోసింది, కొన్నిచోట్ల దెబ్బతింది కూడా. పై ఊళ్ళకి మేలు జరిగింది. అయితే జూబిలీ రివర్ మళ్ళీ థేమ్స్‌లో కలిసేది డాట్చెట్ అనే ఊరికి కొంచెం ఎగువన. దిగువన డాట్చెట్, రేస్‌బరీ వాళ్ళు ‘మీ నీళ్ళు మా మీదకి తోశారు’ అన్నారు. ఆ వాదన ఇప్పటికీ చల్లారలేదు. 2014 మొదట్లో ఆ ప్రాంతమంతా మళ్ళీ మునిగింది. 2024 జనవరిలో కూడా రేస్‌బరీలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

ఆ దిగువ భాగం కోసమే కొత్త థేమ్స్ పథకం. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ, సర్రీ కౌంటీ కౌన్సిల్ కలిసి చేస్తున్నాయి. రన్నీమీడ్, స్పెల్‌థోర్న్ అనే ప్రాంతాల గుండా రెండు ముక్కలుగా కొత్త పాయ తవ్వాలి. సన్‌బరీ, మోల్సీ, టెడింగ్టన్ దగ్గర ఉన్న ఆనకట్టల నుంచి ఇంకా ఎక్కువ నీరు వెళ్ళేలా మార్చాలి. పాయల వెంట కొత్త సైకిల్ దారులు, పచ్చిక మైదానాలు, పక్షుల కోసం తడి నేలలు. ప్లాన్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది.

కానీ మొదట అనుకున్నప్పుడు పాయ రెండు ముక్కలు కాదు, మూడు. ఆ మూడో ముక్క డాట్చెట్, రేస్‌బరీ వైపుది. అటువైపు స్థానిక ప్రభుత్వం ఇవ్వాల్సిన వాటా డబ్బు సమకూరక ఆ ముక్కని పథకం నుంచి తీసేశారు. చూడండి, ఇరవై ఏళ్ళుగా ‘మాకు అన్యాయం జరిగింది’ అంటున్న ఊళ్ళే బయట మిగిలిపోయాయి! కింద ఉన్న ఊళ్ళకి పాయ వస్తుంది, సైకిల్ దారి వస్తుంది. వాళ్ళకి మాత్రం రెండూ లేవు.

అందుకే చెప్తున్నా, సైకిల్ దారి వేశారు కదా అని పథకం మంచిదైపోదు. ఆ ఆకుపచ్చ గీతలు అందంగా ఉంటాయి, ఫొటోల్లో బాగా పడతాయి. మనం వాటిని చూస్తూ అడగాల్సిన మూడు ప్రశ్నలు మర్చిపోతాం. ఈ పాయ నుంచి బయటికొచ్చిన నీళ్ళు ఎవరి ఇంటి ముందుకి వెళ్తున్నాయి? దీనికోసం ఎవరు ఇల్లు వదిలారు, వాళ్ళకి ఏమిచ్చారు? డబ్బు లేదని ఎవరిని వదిలేశారు? లెంట్‌లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళకి, ఇప్పుడు అక్కడ సైకిల్ తొక్కడం ఎంత బాగున్నా, అది పరిహారం కాదు.

అదే డచ్ కార్యక్రమంలో ఓవర్‌డీప్సె అనే చోట పాడి రైతులు వేరేలా చేశారు. నీళ్ళు రావడం తప్పదని తెలిశాక, మా ఇళ్ళూ పాకలూ ఎత్తైన దిబ్బల మీద కట్టించండి, పొలాలు మునిగినా మేం ఉంటాం అని వాళ్ళే ప్రతిపాదించారు. ప్రభుత్వం ఒప్పుకుని అలాగే చేసింది. అందరూ ఉండలేకపోయారు, కానీ నిర్ణయంలో వాళ్ళ మాట ఉంది. అదీ తేడా.

ఇక మన బుడమేరు

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్ నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ళ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. తెల్లారేసరికి మంచం కోళ్ళు మునిగాయి, మధ్యాహ్నానికి ఫ్రిజ్ తేలింది. వాళ్ళు పై పోర్షన్ వాళ్ళ ఇంట్లో నాలుగు రోజులున్నారు. తర్వాత నేను వెళ్ళినప్పుడు గోడ మీద బురద గీత చూపించి పెద్దమ్మ ఒక మాట అంది. “ఏమే, ఇంజనీరింగ్ చదువుతున్నావుగా. ఆ నీళ్ళకి పోయే దారే లేదంటావా?”

నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నా. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే ఏరు. ఊరిని కాపాడటానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడినుంచి కృష్ణలోకి మళ్ళింపు కాలువ తవ్వారు. అంటే మనకీ ఒక ‘పక్క పాయ’ ఉంది. ఆ రోజు ఆ కాలువ గట్లకి గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. కృష్ణ మట్టం ఎక్కువగా ఉంటే కాలువ నీరు అందులోకి వెళ్ళలేదు. ఇక ఊళ్ళో బుడమేరు సంగతి అందరికీ తెలిసిందే. ఏరు ఎక్కడుందో, ఏరు మీద కట్టిన ఇళ్ళు ఎక్కడున్నాయో వేరుచేసి చూపించడం కష్టం.

ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళు ఎక్కువమంది పేదవాళ్ళు. చవగ్గా దొరికిన స్థలం కొనుక్కున్నారు. ‘ఆక్రమణదారులు’ అని ఒక్క మాటలో తేల్చేసి, రేపు బుల్డోజర్ తెచ్చి, ఎల్లుండి అక్కడ పార్కూ సైకిల్ ట్రాకూ వేస్తే అది నైమేగన్ అవ్వదు. అక్కడ పదేళ్ళకి పైగా వాదించుకున్నారు. వాదన అయ్యాకే తవ్వారు.

అయితే ఒక పని ఇప్పుడే చెయ్యొచ్చు. ఇంకా ఖాళీగా మిగిలిన ఏటి గట్లూ, కాలువ గట్లూ ఉన్నాయి కదా, వాటి మీద ఒక దారి వెయ్యాలి. పెద్ద ఖర్చుతో కాదు. గట్టిపరిచిన మట్టి, నాలుగు చెట్లు, పిల్లలు స్కూలుకి సైకిల్ మీద వెళ్ళగలిగేంత వెడల్పు. మునిగితే మునగనీ. ఆ దారి ఉన్నన్నాళ్ళూ అక్కడ లేఅవుట్ రాదు. గట్టు కోసుకుపోతుంటే సైకిల్ మీద వెళ్ళే పిల్లాడు ఇంటికొచ్చి చెప్తాడు.

పోయిన నెల మా పెద్దమ్మకి ఫోన్‌లో ఈ డచ్ కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, “సైకిల్ దారి బానే ఉంది గానీ, ముందు మాలాంటి వాళ్ళని ఎక్కడ పెడతారో కనుక్కో” అంది.

ఆ ప్రశ్న ప్లాన్‌లో ఆకుపచ్చ గీతల కన్నా ముందు రావాలి. సివిల్ బ్రాంచి మిత్రులారా, వింటున్నారా?